పాత 240జెడ్ ఏ దేశం కోసం చేసినదో పోల్చుకోవడం ఇలా

240జెడ్ లాంటి పాత డాట్సన్ జెడ్ కారు (జపాన్ కంపెనీ నిస్సాన్ డాట్సన్ పేరుతో అమ్మిన స్పోర్ట్స్ కారు) కొనేముందు రంగు చూసి మురిసిపోకండి. బానెట్ ఎత్తి, ఇంజన్ వెనక గోడ మీద చెక్కిన ఛాసిస్ నంబరు అక్షరాలను కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడవండి. గరుకు కాగితం మాత్రం తగలనివ్వకండి. నేను మొదటిసారి తుడిచినప్పుడు జిడ్డు కింద నుంచి ‘హెచ్‌ఎల్‌ఎస్30’ ఒక్కో అక్షరంగా తేలింది, ఒళ్లు పులకరించింది.

‘ఎల్’ ఉంటే స్టీరింగ్ ఎడమవైపు. అమెరికాకు వెళ్లిన 240జెడ్‌లు ఇవే. హెచ్‌ఎస్30 అయితే కుడివైపు: బ్రిటన్, ఆస్ట్రేలియా. రెండింటికీ 2,393 సీసీ ఇంజనే. జపాన్‌లో 1969లో ఫెయిర్‌లేడీ జెడ్‌గా వచ్చిన రెండు లీటర్ల కారుకు ఉత్త ఎస్30.

పీఎస్30 కనిపిస్తే ఊపిరి బిగబట్టి ఇంజన్ చూడండి. సిలిండర్‌కు నాలుగు వాల్వులు, మూడు కార్బురేటర్లు, రెండు క్యామ్‌షాఫ్టులు (వాల్వులను తెరిచే కడ్డీలు) ఉండాలి. ఈ కారుకు జెడ్432 అన్న పేరు ఆ లెక్కతోనే వచ్చింది.