పుర్రె అతుకుల ఆకారాన్ని చూసి నమోదు చేసే పద్ధతి

ఎనాటమీ మొదటి సంవత్సరంలో పుర్రె చేతికి వచ్చినప్పుడు చాలామంది విద్యార్థులు ఎముకలు కలిసే అతుకులను చూసి కరోనల్ (నుదుటి ఎముక వెనక అడ్డంగా ఉన్నది), సాజిటల్ (నడినెత్తి మీద ముందునుంచి వెనక్కి సాగేది), లాంబ్డాయిడ్ (తల వెనక ఉన్నది) అని పేర్లు చెప్పి, ‘రంపపు పళ్లలా ఉన్నాయి’ అని రాసి ముగిస్తారు. ఆ మాట ఏ పుర్రెకైనా సరిపోతుంది కనుక ఎదుట ఉన్న పుర్రె గురించి ఏమీ తెలియజేయదు. ఒకే అతుకు తన పొడవంతా ఒకే తీరున సాగదు. దాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని విడిగా రాయడమే ఈ పనిలో ముఖ్యం.

గుడ్డతో చుట్టిన చుట్టకుదురు మీద పుర్రెను కదలకుండా నిలపండి. కంటి గుంటల్లో వేళ్లు పెట్టి ఎత్తకండి; అక్కడి ఎముక చాలా పలచన, పైగా అది ఒక మనిషి శరీరం. వెలుగు పక్కనుంచి పడితే సన్నని వంపులు నీడలతో స్పష్టంగా తేలుతాయి. కుడి ఎడమలు పుర్రెవే తప్ప చూసేవారివి కావు.

కరోనల్ అతుకును బ్రెగ్మా (అది సాజిటల్‌తో కలిసే బిందువు) నుంచి పక్కకు, కిందికి అనుసరించండి. మొదట వంపులు తక్కువగా, మధ్య భాగంలో లోతుగా, టీరియాన్ (కణత దగ్గర నాలుగు ఎముకలు చేరే చోటు) దగ్గరపడేకొద్దీ మళ్లీ సాదాగా కనబడటం సాధారణం. సాజిటల్ అతుకును నాలుగు భాగాలు చేయాలి: బ్రెగ్మా పక్కన ఉన్నది, నడినెత్తి, పరైటల్ ఎముకల (నడినెత్తికి రెండు పక్కలా ఉన్నవి) రంధ్రాల దగ్గరి ఒబీలియాన్, లాంబ్డా (సాజిటల్, లాంబ్డాయిడ్ కలిసే బిందువు) పక్కన ఉన్నది. వీటిలో ఒబీలియాన్ దగ్గర గీత దాదాపు తిన్నగా ఉంటుంది. లాంబ్డాయిడ్ అతుకు సాధారణంగా అన్నిటికంటే మెలికలు తిరిగి ఉంటుంది. చెవి పైన ఉండే స్క్వామోజల్ అతుకు తీరు వేరు: అక్కడ టెంపొరల్ (కణత) ఎముక అంచు చేప పొలుసులా పరైటల్ మీదికి ఎక్కి ఉంటుంది కాబట్టి పళ్లు లెక్కించే పని లేదు.

మెలికల మోతాదును అంకెల్లో పెట్టడానికి సాగని సన్నని నూలు దారం చాలు. దారాన్ని ప్రతి వంపులోనూ పరుస్తూ ఆ భాగం చివరిదాకా తెచ్చి పొడవు కొలవండి. తర్వాత అదే రెండు కొనల మధ్య, పుర్రె గుండ్రనాన్ని అనుసరిస్తూ వంపులను వదిలేసి మరోసారి కొలవండి. మొదటిది 45 మి.మీ., రెండోది 25 మి.మీ. అయితే నిష్పత్తి 1.8. లావు దారం చిన్న పళ్లను దాటేసి నిష్పత్తిని తగ్గిస్తుంది. అందుచేత అన్ని పుర్రెలకూ ఒకే దారం వాడాలి. పుట్టినప్పుడు దాదాపు తిన్నగా ఉండే ఈ అంచులు వయసుతో ఒకదానిలోకి ఒకటి పెనవేసుకుంటాయన్నది గుర్తుంచుకుంటే, ఈ అంకె విలువ తెలుస్తుంది.

తర్వాత అదనపు ఎముకలు చూడండి. చుట్టూ అతుకు ఉన్న చిన్న ఎముకను, డెన్మార్క్ వైద్యుడు ఓలె వర్మ్ (1588–1654) పేరు మీద వర్మియన్ ఎముక అంటారు. లాంబ్డాయిడ్‌లో ఎక్కువగా దొరుకుతుంది. సంఖ్య, వైపు, పరిమాణం రాయండి. లాంబ్డా దగ్గర చిన్న ముక్క కనబడగానే ‘ఇంకా (Inca) ఎముక’ అని రాసేయడం తరచూ జరిగే పొరపాటు. తల వెనక ఉండే ఆక్సిపిటల్ ఎముక పైభాగాన్ని ఒక అడ్డ అతుకు ఆ పక్కనుంచి ఈ పక్కదాకా వేరు చేసినప్పుడే ఆ పేరు తగుతుంది.

నుదుటి మధ్య మెటోపిక్ అతుకు సాధారణంగా శైశవంలోనే మూసుకుపోతుంది. కొందరు పెద్దవారిలో ముక్కు మొదలు నుంచి బ్రెగ్మా దాకా నిలిచి ఉంటుంది. ఎక్స్‌రేలో దాన్ని పగులుగా పొరబడే ప్రమాదం ఉంది కనుక, పూర్తిగా ఉన్నదా, ముక్కు పైన కొద్దిపాటి అవశేషమేనా అన్నది విడిగా రాయాలి.

టీరియాన్ దగ్గర రెండు వైపులా చూడండి. స్ఫీనాయిడ్ (కంటి గుంట వెనక ఉండేది), పరైటల్ ఎముకలు కలిస్తే ఒక రకం, ఇది ఎక్కువ. ఫ్రాంటల్ (నుదుటి ఎముక), టెంపొరల్ కలిస్తే రెండోది. నాలుగూ ఒకే బిందువులో కలిస్తే మూడోది. మధ్యలో చిన్న ఎముక ఉంటే నాలుగోది. ఒకే పుర్రెలో కుడి, ఎడమ వేరుగా ఉండవచ్చు కనుక ఒక వైపు చూసి రెండో వైపును ఊహించకూడదు.

మూసుకుపోయిన చోట్లను గుర్తించండి గానీ వాటినిబట్టి వయసు తేల్చకండి. మూసుకోవడం సాధారణంగా లోపలి తలం నుంచి మొదలవుతుంది, వేగం మనిషికీ మనిషికీ ఎంతో మారుతుంది. చివరగా, స్కేలు పక్కన పెట్టి ఫొటో తీసి, వారం తర్వాత పాత అంకెలు చూడకుండా అవే భాగాలను మళ్లీ కొలవండి. రెండు కొలతలూ దగ్గరగా రాని భాగాన్ని మూడోసారి కొలిచాకే పట్టికలో చేర్చండి.