పాత బోటు బేరం, 3వ పాఠం: నీళ్లు ఎక్కడ దాక్కున్నాయి?

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన పని సంగతి చూద్దాం. ట్రైలర్ టైరు పక్కన ఉండే నాలుగంకెలు రాసుకోమన్నాను. 3118 అని ఉంటే 2018లో 31వ వారం, అంటే జులై చివర, ఆగస్టు మొదట్లో తయారైన టైరు. టైరు మీది గాడులు లోతుగా ఉన్నాయని మురిసిపోవద్దు. బోటు ట్రైలర్ ఏడాదిలో తిరిగేదే తక్కువ, దాని టైర్లు అరిగేలోపే ఎండకు పెళుసుబారిపోతాయి. పక్కగోడల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తే కొత్త టైర్ల ఖర్చును బేరంలో తీసేయండి. ట్రైలర్ పాఠం అక్కడితో అయిపోయింది. ఇవాళ బోటు ఒళ్లు చూద్దాం. మోటారు జోలికి వచ్చే పాఠం దాకా వెళ్లొద్దు.

మనం చూస్తున్నది 14 నుంచి 18 అడుగుల ఫైబర్ బోటు, ట్రైలర్ మీద ఎక్కించి తీసుకుపోయేది. సాగర్ వెనక నీళ్లలో, డిండి చెరువులో, జూరాలలో, సోమశిల రేవులో నేను చూసిన సెకండ్‌హ్యాండ్ బోట్లలో చాలావరకు కోస్తా వైపు వాడి అమ్మేసినవే. గాజు నార మ్యాట్‌ను రెజిన్ అనే జిగురు ద్రవంలో తడిపి, అచ్చులో పొరలు పొరలుగా పరిచి, గట్టిపడ్డాక ఊడదీస్తే బోటు తొట్టి వస్తుంది. పైన మెరిసే రంగు పొరను జెల్ కోట్ అంటారు. ఇంతవరకు కుళ్లేదేమీ లేదు. కానీ మోటారు బిగించే వెనక పలక లోపల ప్లైవుడ్ ఉంటుంది. అడుగు బలం కోసం పొడవునా వేసే బద్దెల్లో చెక్క ఉంటుంది. నిలబడే నేల కూడా చాలా బోట్లలో ప్లైవుడ్డే, దాని కింద ఫోమ్. వీటన్నిటికీ పైన ఫైబర్ తొడుగు వేసి మూసేస్తారు. ఆ తొడుగుకి ఎక్కడో ఒక స్క్రూ సందు వదులైతే చాలు, నీళ్లు లోపలికి దిగుతాయి. బయటికి వచ్చే దారి మాత్రం ఉండదు.

అందుకే ఈ పాఠమంతా ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది: ఈ బోటు లోపల నీళ్లున్నాయా, ఉంటే ఎక్కడ?

కాంటా వేయించండి

ఇది బోటు పుస్తకాల్లో చివరి పేజీల్లో ఉంటుంది. నేను మొదటే పెడతాను, ఎందుకంటే నేను మునిగింది ఇక్కడే.

నా మొదటి బోటు 16 అడుగులది. కోస్తాలో ఒక రేవులో చూసి, కొత్త నీలి రంగు చూసి, డబ్బు మొత్తం చేతిలో పెట్టేసి జీపుకి తగిలించుకుని బయల్దేరాను. మిర్యాలగూడ చేరేసరికి జీపు పొగలు కక్కుతోంది. డ్రైవరుగా వచ్చిన మా చిన్నాయన కొడుకు దిగి, "అన్నా, ఇది బోటు బరువు కాదు, ఏదో తేడా ఉంది" అన్నాడు. రోడ్డు పక్కనే రైస్ మిల్లు, అక్కడ లారీల కాంటా. కాంటా మీద కూర్చున్న పిల్లాడు మమ్మల్ని చూసి నవ్వాడు: "ఇదేమన్న వడ్లా అన్నా, కాంటా వెయ్యనీకి?"

వేశాం. ట్రైలర్‌ను కాంటా పలక మీద నిలిపి, కొక్కెం విడదీసి, జీపును ముందుకు తీసేశాం. ట్రైలర్ ముందుండే చిన్న చక్రం కూడా పలక మీదే ఉండాలి. అది బయట ఉంటే లెక్క తప్పుతుంది. చీటీ మీద 820 కిలోలు వచ్చింది.

ఇప్పుడు ఉండాల్సిన బరువు కట్టండి. తొట్టి 340 కిలోలని బోటు లోపలి రేకు మీద ఉంది. 25 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ మోటారు సుమారు 50. ట్రైలర్ సొంత బరువు దాని కాగితాల్లో 260. నిండు పెట్రోలు ట్యాంకు 24 లీటర్లు. పెట్రోలు నీళ్లకన్నా తేలిక, లీటరుకి ముప్పావు కిలో చొప్పున 18. లంగరు, తాళ్లు 12. మొత్తం 680. కాంటా చూపింది 820. తేడా 140 కిలోలు. మన వీధుల్లో తిరిగే 20 లీటర్ల వాటర్ క్యాన్లు ఏడు. ఏడు క్యాన్ల నీళ్లను డబ్బిచ్చి కొని, డీజిల్ పోసి మరీ నల్లగొండ జిల్లాకు మోసుకొస్తున్నానన్నమాట.

లారీ కాంటాలు 10 కిలోల మెట్లలోనో, అంతకన్నా పెద్ద మెట్లలోనో చూపిస్తాయి కాబట్టి చిన్న తేడాకు గొడవ పడొద్దు. ఏళ్లుగా వేసిన రంగు పొరలు, అతుకులు కూడా కొంత బరువు పెంచుతాయి. 20, 30 కిలోలైతే నేను పట్టించుకోను. 50 దాటితే మాత్రం ముందు అడుగున ఉండే డ్రెయిన్ బిరడా విప్పి, ట్రైలర్ ముందు భాగాన్ని ఎత్తి ఒక రాత్రి వదిలేయమంటాను. ఊరికే నేల మీద నిలిచిన వాన నీళ్లైతే గంటలో పోతాయి, మళ్లీ కాంటా వేస్తే బరువు తగ్గుతుంది. ఫోమ్ తాగిన నీళ్లు అలా పోవు. నా బోటు బిరడా నుంచి మూడు రోజులు బొట్టు బొట్టుగా బకెట్‌లోకి కారింది. తర్వాత మళ్లీ వేస్తే తగ్గింది 20 కిలోలే. మిగతాది తీయాలంటే నేల కోసి ఫోమ్ తవ్వడమే.

అమ్మేవాడు కాంటాకు ఒప్పుకోకపోతే? కాంటా ఖర్చు మీదే అని చెప్పండి. అయినా వద్దంటే నేనైతే బస్సెక్కి ఇంటికొస్తాను.

వెనక పలక

దీన్ని బోట్లు చేసేవాళ్లు ట్రాన్సమ్ అంటారు. మోటారు బరువు, తోపు అంతా దీని మీదే. ఇది కుళ్లిన బోటుకు ఎంత మంచి మోటారున్నా లాభం లేదు.

మొదటి పరీక్షకు పనిముట్టు అక్కర్లేదు. మోటారును సగం పైకి ఎత్తి, నీళ్లలో ఫ్యాను తిరిగే కింది కాలును రెండు చేతులా పట్టుకుని పైకి కిందికి ఊపండి. కండబలం చూపించొద్దు, మామూలుగా ఊపితే చాలు. మీరు ఊపుతుంటే ఇంకొకరు పలక పై అంచు దగ్గర కళ్లు పెట్టి చూడాలి. మోటారు బిగింపు కదలడం వేరు, పలకే వంగడం వేరు. పలక ఊపిరి తీసుకున్నట్టు లోపలికీ బయటికీ కదిలితే లోపల చెక్క పోయినట్టే. పలక, పక్కలు కలిసే మూలల్లో పగుళ్లు కూడా చూడండి. మోటారు బిగించే మరల కింద ఫైబర్ నొక్కుకుపోయి గుంట పడిందా, అదీ చూడండి.

రెండోది స్క్రూ పరీక్ష. యజమానిని అడిగి, ఒప్పుకున్నాకే చేయాలి. పలక మీద అన్నిటికన్నా కింద ఉన్న స్క్రూను ఎంచుకోండి, నీళ్లు దిగేది కిందికే కదా. సాధారణంగా డ్రెయిన్ బిరడా చుట్టూ ఉన్నవి దొరుకుతాయి. స్క్రూడ్రైవర్‌తో మెల్లగా విప్పండి. గట్టిగా పట్టుకుని, కిర్రుమంటూ వచ్చి, మరల్లో లేత రంగు పొడి చెక్కపొట్టు ఉంటే మంచి కబురు. వేళ్లతోనే తిరిగి వచ్చేస్తే లోపల పట్టు లేదు. మరల్లో నల్లటి తడి ముద్ద అంటుకుని వస్తే చెక్క కుళ్లింది.

నా బోటుకు ఆ స్క్రూ నేను ఇంటికొచ్చాక విప్పాను. ఊడిన వెంటనే ఏమీ కాలేదు. రెండు క్షణాలాగి ఆ చిల్లులోంచి టీ డికాక్షన్ రంగు నీళ్లు సన్నటి ధారగా కారడం మొదలైంది. వానకు తడిసి మగ్గిపోయిన గడ్డివాము వాసన. చూపుడువేలు అడ్డం పెట్టి అలాగే కూర్చున్నాను, ఏం చేయాలో తోచక.

చూసిన తర్వాత స్క్రూకు సీలెంట్ పూసి బిగించి ఇవ్వడం మర్యాద. ఒట్టి స్క్రూ బిగించి వచ్చారంటే ఆ చిల్లు మీరు చేసినట్టే.

పలక మార్చడం కుదరని పని కాదు. ఒకవైపు ఫైబర్ తొడుగు కోసి, కుళ్లిన ప్లైవుడ్ తవ్వి, కొత్తది ఎపాక్సీ జిగురుతో అతికించి మళ్లీ మ్యాట్ వేస్తారు. అందులో వాడాల్సింది మెరైన్ ప్లై, మన దేశంలో దాని మీద ఐ.ఎస్. 710 అని ముద్ర ఉంటుంది. తలుపులకు, కప్‌బోర్డులకు వాడే మామూలు ప్లై పెట్టి "కొత్త పలక వేయించాం" అనేవాళ్లున్నారు. పలక కొత్తదని చెబితే ఏ ప్లై, బిల్లు ఉందా అని అడగండి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. సముద్రంలో వాడిన బోటు అంటే అందరూ భయపడతారు. ఉప్పు నీళ్లు ఇనుమును, అల్యూమినియాన్ని తింటాయి, అది నిజమే. చెక్కను ఎక్కువగా కుళ్లబెట్టేది మాత్రం వాన నీళ్లు. రోజూ సముద్రానికి వెళ్లిన బోటుకన్నా, కప్పకుండా ఇంటెనక చింతచెట్టు కింద రెండు వానాకాలాలు గడిపిన బోటు పలక ఎక్కువ పాడై ఉండొచ్చు. కాబట్టి "ఎక్కడ వాడారు" అని అడిగి ఆగకండి, "వాడనప్పుడు ఎక్కడ పెట్టారు" అని కూడా అడగండి.

చెవితో చూడటం

కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ వేలి కణుపుతో కొట్టి చూసేది. ఖంగుమంటే తీసుకునేది, మొద్దుగా పలికితే పక్కన పెట్టేది. ఇక్కడా అంతే. చిన్న ప్లాస్టిక్ సుత్తి గానీ, స్క్రూడ్రైవర్ పిడి గానీ తీసుకుని అడుగంతా అరచేయి దూరానికొకటి చొప్పున తట్టండి. ఫైబర్ పొరలు అతుక్కుని ఉన్నచోట గట్టి, స్పష్టమైన చప్పుడు. పొరలు విడిపోయినచోట, తడి చెక్క ఉన్నచోట దబ్బుమని చచ్చు చప్పుడు. బద్దెలున్నచోట చప్పుడు మారడం మామూలే, అది వరసగా ఒకే గీతలో మారుతుంది. గీత మధ్యలో మారితే అనుమానించాలి. అనుమానం వచ్చిన ప్రతిచోటా చాక్‌పీస్‌తో గుర్తు పెట్టండి. అయిపోయాక నాలుగడుగులు వెనక్కి వెళ్లి చూస్తే ఆ గుర్తులన్నీ ఒకచోట గుమిగూడి ఉన్నాయో, చెదిరి ఉన్నాయో తెలుస్తుంది.

నేల మీద మడమతో నడవండి. మెత్తగా దిగబడేచోట ప్లైవుడ్ పోయింది.

కొందరు తేమ మీటరు తెస్తారు. బోటు పొడిగా ఉన్నప్పుడు, చేయి తిరిగినవాళ్ల చేతిలో పనికొస్తుంది. మంచు పడ్డ పొద్దున, లోపల ఇనప ముక్క ఉన్నచోట తప్పుడు అంకె చూపిస్తుంది. నా ఓటు సుత్తికే.

బొబ్బలు, పగుళ్లు, రంగు

ఎప్పుడూ నీళ్లలోనే ఉంచిన బోట్ల అడుగున బొబ్బలు వస్తాయి. జెల్ కోట్ గుండా నీరు ఇంకి, లోపల సరిగా గట్టిపడని రసాయనాలతో కలిసి పొంగుతుంది. గుచ్చితే పుల్లటి వెనిగర్ వాసన వచ్చే ద్రవం చిమ్ముతుంది. ఆ బొబ్బల్లో ఒత్తిడి ఉంటుంది కాబట్టి యజమాని ఒప్పుకున్నా సరే కళ్లద్దాలు లేకుండా గుచ్చొద్దు. తమాషా ఏమిటంటే, బోటును గట్టున పెట్టి కొన్ని వారాలు మన ఎండలో ఆరబెడితే బొబ్బలు అణిగిపోయి కనబడవు. నీళ్లలోంచి అప్పుడే తీసిన బోటును చూపించమనడం అందుకే. అక్కడక్కడా నాలుగు బొబ్బలుంటే బాగు చేయించుకోవచ్చు. అడుగంతా ఉంటే వదిలేయండి.

పగుళ్లన్నీ ఒకటి కావు. సాలెగూడులా ఒక చుక్క నుంచి విచ్చుకుంటే అక్కడ దెబ్బ తగిలింది. వేసవిలో సాగర్ నీటిమట్టం నిండు 590 అడుగుల నుంచి బాగా దిగిపోతుంది, అప్పుడు గట్టు రాళ్లు తేలి ఇలాంటి దెబ్బలు తగులుతాయి. ఆ పగులుకు సరిగ్గా లోపలివైపు చూడండి. లోపల ఫైబర్ తెల్లబారి ఉంటే దెబ్బ మ్యాట్ దాకా వెళ్లింది, లేకపోతే జెల్ కోట్‌తో ఆగింది. ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా పగుళ్లుంటే అక్కడ అడుగు రోజూ వంగుతోందని, కింద బద్దె వదిలేసిందని అర్థం. ఇది దెబ్బకన్నా చెడ్డది.

పొద్దున ఏటవాలు ఎండలో వెనక నిలబడి, ఒక కన్ను మూసి, అడుగు పొడవునా చూడండి. లప్పం పెట్టి రంగు కొట్టిన చోట మెరుపు తేడాగా ఉంటుంది. ట్రైలర్ రోలర్ల మీద ఏళ్ల తరబడి బరువంతా ఆనినచోట అడుగు లోపలికి నొక్కుకుపోతుంది. అది వెనక భాగంలో ఉంటే బోటు వేగంలో ముక్కు దించుకుని నడుస్తుంది. రంగు వెలిసి అరచేతికి తెల్లపొడి అంటుకుంటే అది ఎండ పని, పాలిష్‌తో చాలావరకు పోతుంది. దానికి భయపడక్కర్లేదు. పాత బోటుకు నిన్నమొన్న వేసిన కొత్త రంగు చూస్తేనే నాకు టెన్షన్.

వచ్చే పాఠంలోపు చేయాల్సిన పని

మొదటిది ఇంట్లోనే. స్క్రూడ్రైవర్ పిడితో ఫ్లోరింగ్ టైల్స్‌ను ఒక్కొక్కటీ తట్టండి. కింద సిమెంటు సరిగా పట్టని టైల్ డొల్లగా పలుకుతుంది. కళ్లు మూసుకుని ఏది డొల్లో చెప్పగలిగేదాకా చేయండి. ఇంట్లోవాళ్లు ఏమన్నా అంటే నా పేరు చెప్పండి.

రెండోది లెక్క. తొట్టి 310 కిలోలు, మోటారు 36, ట్రైలర్ 220, ట్యాంకులో 12 లీటర్ల పెట్రోలు, లంగరు, తాళ్లు 15, బోటులో పడేసి ఉన్న తడి వల 40. కాంటా 690 చూపింది. ముందు రోజు రాత్రి దేవరకొండలో పెద్ద వాన, బోటు మీద కప్పు లేదు, డ్రెయిన్ బిరడా బిగించే ఉంది. తేడా ఎంత, ధర మాట్లాడేముందు మీరు చేయించే మొదటి పని ఏమిటి? రాసి పెట్టుకోండి. 4వ పాఠానికి వచ్చేటప్పుడు ప్లగ్ స్పానర్, ఒక తెల్ల గుడ్డ పీలిక తెచ్చుకోండి, మోటారు గేరు నూనె ఏ రంగులో ఉందో దాని మీద చూద్దాం.