తువ్వాలు కప్పితే కుదిరింది

మా పెద్దాడికి 9 ఏళ్లు. కోడి గింజలు ఏరుకున్నట్టు రెండు చూపుడు వేళ్లతోనే టైప్ చేసేవాడు. కీబోర్డు చూడకుండా అన్ని వేళ్లతో కొట్టడం నేర్పాలని టైపింగ్ గేమ్ పెట్టి చూశాను. స్పీడు మోజులో పడి మళ్లీ కీబోర్డు వైపే చూపు. తిడితే ఏడుపు.

చివరికి వాడి చేతుల మీద తువ్వాలు కప్పాను. ఎఫ్, జె కీల మీద చిన్న గీత ఉబ్బెత్తుగా ఉంటుంది కదా, దాన్ని తడిమి పట్టుకోవడమే మొదటి వారం ఆట. తర్వాత మా నాన్న దిగారు. ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్చుకుని, టైప్‌రైటింగ్ లోయర్ పరీక్ష పాసైన మనిషి. "ఎ ఎస్ డి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె" అని తాత పాడుతుంటే వీడు కొట్టేవాడు. రోజుకు 10 నిమిషాలే. అంతకు మించితే ఎడమ చిటికెన వేలు నొప్పి అంటాడు. నిజమే, ఎ కొట్టాల్సింది పాపం అదే.

రెండు నెలలకు తువ్వాలు తీసేశాం. బ్యాక్‌స్పేస్ మాత్రం ఇంకా చూసే కొడుతున్నాడు.