అంటు మొక్క కొనే ముందు వేరు సంగతి తేల్చుకోండి

“ఇది నులిపురుగును తట్టుకుంటుందండీ” అని మొక్కలమ్మినవాళ్లు అన్న ఒక్క మాట నమ్మి నేను జామ తోట వేశాను. నులిపురుగంటే మట్టిలో ఉండి వేళ్లను పట్టే, కంటికి కనిపించనంత చిన్న పురుగు (నెమటోడ్). నాలుగో ఏట ఆకులు రాగి రంగుకు తిరిగాయి, కాయ సన్నబడింది, తడి ఉన్నా మధ్యాహ్నానికి చెట్లు వడలిపోయేవి. ఒక చెట్టు మొదట్లో తవ్వితే పీచు వేరన్నదే లేదు. మిగిలిన వేళ్లు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. ఒక బుడిపెను గోటితో గిల్లాను, ఊడలేదు. బొబ్బర వేళ్ల మీది నత్రజని బుడిపెలైతే గిల్లగానే రాలిపోతాయి. ఇది అలా పైన అతికింది కాదు, లోపలి నుంచి ఉబ్బిన వేరు.

అందుకే మొక్క కొనేటప్పుడు రెండు ప్రశ్నలు అడగండి. ఏ నులిపురుగుకు? దాన్ని పెరగనివ్వదా, లేక పెరగనిచ్చి తాను బతుకుతుందా? నిరోధించే వేరులోకి పిల్లపురుగు దూరినా తిండి కుదరక చస్తుంది. తట్టుకునే చెట్టు మాత్రం పచ్చగానే ఉంటుంది, దాని కింద పురుగు పెరిగిపోయి తర్వాత నాటే మొక్కను పట్టుకుంటుంది. ఈ రెంటికీ మనం ఒకే మాట వాడేస్తాం. ఇంకోటి, పండు రకం పేరు ఇక్కడ పనికిరాదు. అంటు కింద ఏ వేరుమూలం (అంటు కట్టిన కింది మొక్క, రూట్‌స్టాక్) ఉందన్నదే లెక్క.

ముందు మీ మట్టిని పరీక్షించండి. చెట్ల పాదుల అంచున ఐదారు చోట్ల, 15 నుంచి 30 సెంటీమీటర్ల లోతులో తేమ మట్టి తీసి, కుండీలో పోసి, నిరోధకత లేని టమాటా నారు నాటండి. 6, 7 వారాలకు మెల్లగా తవ్వి తీసి కడగండి. బుడిపెలుంటే వేరుబుడిపె నులిపురుగు ఉన్నట్టే. లేకపోతే క్షేమమని కాదు. నిమ్మజాతి చెట్ల వేళ్లను పట్టే వేరే రకం, నిమ్మజాతి నులిపురుగు, టమాటాను ముట్టదు, బుడిపెలూ కట్టదు. ఎంత కడిగినా మట్టి వదలని నిమ్మ పీచువేళ్లే దాని గుర్తు. జాతి ఏదో తేలాలంటే ల్యాబ్‌కు పంపాల్సిందే. మట్టిని పీచువేళ్లతో సహా సంచిలో కట్టి నీడలో ఉంచండి. ఎండలో పెడితే పురుగు చచ్చిపోతుంది, రిపోర్టు తప్పొస్తుంది.

జాతి తెలిశాక ఎంచుకోండి. పీచ్ పండ్లలో 1959లో వచ్చిన నెమగార్డ్ అనే వేరుమూలం వేరుబుడిపె నులిపురుగుల్లో ఇంకాగ్నిటా, జవానికా జాతులను ఆపుతుంది, ఉంగర నులిపురుగు అనే మరో రకం ముందు నిలవదు. నిమ్మజాతి నులిపురుగుకు ట్రైఫోలియేట్ ఆరెంజ్, స్వింగిల్ సిట్రుమెలో మంచివి, జంబేరి నిమ్మ వేరుమూలం లొంగిపోతుంది. ద్రాక్షలో వేరుబుడిపెకు డాగ్‌రిడ్జ్, సాల్ట్ క్రీక్. నా జామను పట్టింది ఎంటెరోలోబీ అనే వేరుబుడిపె జాతి. మామూలు జామ వేళ్లు దానికి లొంగుతాయి. స్ట్రాబెర్రీ జామ వేరు ఆపుతుంది గానీ, దాని మీద మన జామ అంటు కుదరడం కష్టం.

నాటే రోజు ఒక మొక్క కవరు చింపి, వేరు కడిగి చూడండి. నేను ఆ పని చేయలేదు, పురుగు ఆ కవర్లలోనే తోటకు వచ్చింది. ఒక్క బుడిపె కనిపించినా, వేరుమూలం ఎంత మంచిదని చెప్పినా సరే, మొత్తం మొక్కలు వెనక్కి పంపేయండి.