ఆండ్రోమెడాలో కొత్త చుక్క కనిపించిందా? రిపోర్ట్ పంపే ముందు ఇవి చూడండి

ఆండ్రోమెడా గెలాక్సీ రాత్రంతా ఎత్తులో ఉండే అక్టోబర్, నవంబర్ నెలలు వస్తున్నాయి కాబట్టి దాన్ని ఫొటోలు తీసి, కొత్త నోవా (ఉన్నట్టుండి పేలి వెలిగే నక్షత్రం) దొరికిందని ఖగోళ శాస్త్రవేత్తలకి రిపోర్ట్ చేసేవాళ్లకి ముందే చెబుతున్నా.

ఒక్క ఫొటో నమ్మి పంపొద్దు. కాస్మిక్ కిరణం తగిలినా, కెమెరా సెన్సర్‌లో హాట్ పిక్సెల్ (వెలుగు పడకపోయినా వెలిగే లోపమున్న చుక్క) ఉన్నా అచ్చం నక్షత్రంలాగే కనిపిస్తుంది, అందుకే టెలిస్కోప్ కాస్త జరిపి మళ్లీ తీయండి: హాట్ పిక్సెల్ అయితే సెన్సర్‌లో అదే చోట ఉండిపోతుంది, అసలు నక్షత్రమైతే గెలాక్సీతో పాటే జరుగుతుంది.

గంట ఆగి ఇంకోటి. కదిలితే గ్రహశకలమే.

పాత ఫొటోలతో పోల్చండి, ఎందుకంటే మన పాలపుంతలోని చర నక్షత్రం (వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండేది) అడ్డొచ్చి ఉండొచ్చు, లేదా దాదాపు ఏడాదికోసారి పేలే ఎం31ఎన్ 2008-12ఎ లాంటి పాత నోవానే మళ్లీ వెలిగి ఉండొచ్చు (అదైనా చాలా విలువైన వార్తే, తప్పకుండా చెప్పండి).

ట్రాన్సియెంట్ నేమ్ సర్వర్‌లో (ఆకాశంలో కొత్తగా వెలిగినవాటిని నమోదు చేసే వెబ్‌సైట్) వెతకండి, వేరేవాళ్లు ముందే నమోదు చేసి ఉండొచ్చు.

ఫొటో తీసిన టైమ్ యూటీలోనే (యూనివర్సల్ టైమ్, ప్రపంచమంతటికీ ఒకటే టైమ్) రాయండి.