స్కాలర్‌షిప్ మెయిల్ కోసం చూస్తూ జర్మన్ నేర్చుకోవడం ఎలా

అప్లికేషన్ పంపేశాక ఇక మన చేతిలో ఏమీ లేదు, ఓపిక పట్టాలంతే అని చెప్పేవాళ్లు చాలామంది దొరుకుతారు. ఆ ఓపిక ఎలా పట్టాలో మాత్రం చెప్పరు. నేను విశాఖపట్నం గాజువాకలో ఉంటాను. సిరిపురంలో ఒక చిన్న కన్సల్టెన్సీలో మురుగునీటి శుద్ధి ప్లాంట్ల డిజైన్ చేస్తాను. విదేశీ విద్యార్థులకి స్కాలర్‌షిప్‌లిచ్చే జర్మన్ సంస్థ డాడ్ (DAAD) వాళ్ల ఈపోస్ (EPOS, ఉద్యోగానుభవం ఉన్నవాళ్లకి ఇచ్చేది) స్కాలర్‌షిప్‌కి, యూరోపియన్ యూనియన్ డబ్బుతో కొన్ని యూనివర్సిటీలు కలిసి నడిపే ఎరాస్మస్ ముండస్‌లో ఒక కోర్సుకి పెట్టాను. ఎరాస్మస్‌లో రిజర్వ్ లిస్టులో ఉన్నాను, డాడ్ నుంచి ఇంకా ఉలుకూ పలుకూ లేదు. ఈలోగా జర్మన్‌లో బీ1 అనే మధ్యస్థాయి పరీక్షకి చదువుతున్నాను. ఇదే స్థితిలో ఉన్నవాళ్లకి పనికొస్తాయనుకున్నవి రాస్తున్నాను.

ముందు మీ ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో తెలుసుకోండి. సగం టెన్షన్ అది తెలియకే. ఈపోస్‌లో మొదట యూనివర్సిటీ కోర్సు వాళ్లు దరఖాస్తులు చూసి కొందరి పేర్లు డాడ్‌కి పంపుతారు, ఆ తర్వాత డాడ్ తేలుస్తుంది. అంటే యూనివర్సిటీ నుంచి మంచి మాట వచ్చినా డబ్బు ఖాయమైనట్టు కాదు. మొదటి మెయిల్‌కే వీధంతా స్వీట్లు పంచకండి. ఎరాస్మస్ ముండస్‌లో ఒక్కో కోర్సు నడిపే యూనివర్సిటీల కూటమిది ఒక్కో తేదీ. పక్కవాళ్లకి వచ్చి మీకు రాలేదంటే మీకు లేదని అర్థం కాదు, అది వేరే కోర్సు అయి ఉంటుంది. జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మెక్స్ట్ (MEXT)కి ఎంబసీ ద్వారా వెళ్లేవాళ్లది ఇంకా పొడుగు దారి: రాతపరీక్ష, ఇంటర్వ్యూ గట్టెక్కాక కూడా జపాన్‌లో రెండో వడపోత ఉంటుంది, చివరి మాట తెలిసేసరికి సంవత్సరం మారిపోతుంది.

రెండోది గడియారం. జర్మనీలో ఆఫీసు 9కి తెరిచేసరికి శీతాకాలంలో మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. మార్చి ఆఖరి ఆదివారం వాళ్లు గడియారం ముందుకి జరిపాక పన్నెండున్నర. సాయంత్రం వాళ్లు 5కి ఇంటికెళ్లే సమయానికి మనకి ఎనిమిదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. కాబట్టి పొద్దున లేవగానే, దిండు పక్కనే ఫోన్ తీసి మెయిల్ చూడటంలో అర్థం లేదు, అప్పుడు అక్కడ అర్ధరాత్రి దాటి ఉంటుంది. గుడ్ ఫ్రైడే నుంచి ఈస్టర్ సోమవారం దాకా ఆఫీసులు మూసి ఉంటాయి, ఆ నాలుగు రోజులూ అసలు చూడకండి. జపాన్ వాళ్లు మనకంటే మూడున్నర గంటలు ముందు. వాళ్ల ఆఫీసు మనకి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకే కట్టేస్తుంది, మెక్స్ట్ వాళ్లకి సాయంత్రాలు సెలవే.

చూడకుండా ఉండలేకపోతున్నారా? జీమెయిల్‌లో ఆ యూనివర్సిటీ, స్కాలర్‌షిప్ సంస్థ అడ్రస్‌లకి ఫిల్టర్ పెట్టండి. స్పామ్‌లోకి పోకూడదని టిక్ చేసి, వాటికో లేబుల్ ఇవ్వండి. ఆండ్రాయిడ్ ఫోన్లో ఒక్కో లేబుల్‌కి వేరే నోటిఫికేషన్ శబ్దం పెట్టుకోవచ్చు. ఆ లేబుల్‌కి ఒక శబ్దం పెట్టి, మిగతా మెయిల్స్ అన్నిటినీ మ్యూట్ చేయండి. ఇక ఫోన్ మోగిందంటే అది ఆ మెయిలే. షాపింగ్ ఆఫర్ల మెయిల్ వచ్చినప్పుడల్లా గుండె గుభేలుమనే బాధ తప్పింది నాకు.

ఇక భాష సంగతి. గడువు దాటాక మీరు తెచ్చుకునే సర్టిఫికెట్ ఈ ఏడాది ఫైలుని మార్చడం అరుదు. వాళ్లు అడిగితే తప్ప పంపకండి. ఈపోస్ కోర్సుల్లో చాలావాటికి ఇంగ్లీషే బోధనా భాష, పైగా ఎంపికైనవాళ్లలో చాలామందికి చదువు మొదలయ్యే ముందు జర్మనీలోనే భాషా కోర్సు ఇప్పిస్తారు. మెక్స్ట్ వాళ్లూ అవసరమైనవాళ్లకి ఆరు నెలల జపనీస్ శిక్షణ ఇస్తారు. మరి ఇప్పుడే ఎందుకు కష్టపడాలంటే, ఈ వ్యవహారం మొత్తంలో తేదీ నేను పెట్టుకోగలిగింది భాషా పరీక్ష ఒక్కటే. రిజల్ట్ కోసమే భాష చదివితే, మెయిల్ రాని వారమల్లా పుస్తకం మూతపడుతుంది. అందుకే పరీక్షకి ఫీజు కట్టేయండి. డబ్బు కట్టాక చదువు దానంతటదే సాగుతుంది, మన మధ్యతరగతి బుద్ధి అంత మంచిది.

జర్మన్ నేర్పి పరీక్షలు పెట్టే గోథె సంస్థ బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం నాలుగూ విడివిడి భాగాలు. ఒక్కోదానిలో 100కి 60 రావాలి. ఒకటి పోతే అదొక్కటే మళ్లీ రాసుకోవచ్చు. సీట్లు తెరిచిన కొద్దిసేపటికే అయిపోతాయి, కాబట్టి బుకింగ్ తేదీ ముందే కనుక్కుని పెట్టుకోండి. నేను హైదరాబాద్ కేంద్రం ఎంచుకున్నాను, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి పడుకుంటే తెల్లారేసరికి అక్కడ. రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, సంక్రాంతి దగ్గర్లో పరీక్ష పడితే మాత్రం టికెట్ మీద ఆశ పెట్టుకోకండి. జపనీస్ నేర్చుకునేవాళ్లకి జేఎల్‌పీటీ (JLPT) అనే భాషా పరీక్ష జూలైలో, డిసెంబరులో మొదటి ఆదివారాల్లో జరుగుతుంది. అందులో మాట్లాడే పరీక్షే లేదు, అది పాసై జపనీస్ వచ్చేసిందని అనుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

చదివే పద్ధతి ఎవరిది వాళ్లదే. నాకు పనిచేసినది చెబుతాను. గాజువాక నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా బస్సులో దాదాపు గంట పడుతుంది, ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ. ఆ గంటంతా జర్మన్ ప్రసార సంస్థ డాయిచ వెల్లె (DW) వాళ్లు నెమ్మదిగా చదివే జర్మన్ వార్తలు వింటాను, అవి ఉచితం. బస్సులో గోలగా ఉంటుంది కదా అంటారు. అదే మంచిది. బీ1 వినే పరీక్షలో రెండు భాగాలు ఒక్కసారే వినిపిస్తారు, వెనక్కి తిప్పుకునే అలవాటు ఉన్నవాళ్లు అక్కడే దొరికిపోతారు. బస్సులో నేను వెనక్కి తిప్పను.

వ్యాకరణం దగ్గర ఒక కిటుకు. ఇంగ్లీషు మీదుగా జర్మన్‌లోకి వెళ్లకండి. ‘వైల్’ (weil, ఎందుకంటే), ‘డాస్’ (dass, అని) లాంటి మాటలతో మొదలయ్యే ఉపవాక్యాల్లో క్రియ చివరికి పోతుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలు అక్కడ తడబడతారు. తెలుగులో ఆలోచిస్తే క్రియ ఎప్పుడూ ఉండే చోటే ఉంటుంది. జపనీస్‌లో అయితే మొత్తం భాషే అలా నడుస్తుంది. పైగా హ్రస్వం, దీర్ఘం తేడా మన చెవికి పుట్టుకతో వచ్చిందే: ‘ఒబసన్’ అంటే అత్త, ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మ. ఇక నామవాచకం లింగాన్ని బట్టి దాని ముందు వచ్చే డెర్, డీ, డాస్ (der, die, das)‌లకి దగ్గరి దారి లేదు. ‘ఉంగ్’ అనే ప్రత్యయం ఉన్నవి డీ, ‘ఖెన్’ ప్రత్యయం ఉన్నవి డాస్ అని తెలుసుకుని, మిగతావి నామవాచకంతో కలిపే బట్టీ పట్టాలి.

మాట్లాడే పరీక్ష మామూలుగా ఇద్దరిద్దరికి పెడతారు. మొదటి భాగంలో ఇద్దరూ కలిసి ఏదో ఒకటి ప్లాన్ చేయాలి. కాబట్టి ఒంటరిగా అద్దం ముందు నిలబడి లాభం లేదు, తోడు వెతుక్కోండి. నాకు జర్మనీలో ఉద్యోగం కోసం నేర్చుకుంటున్న ఒక నర్సమ్మాయి దొరికింది. ఆదివారం పొద్దున ఆర్కే బీచ్‌లో, కురుసుర సబ్‌మెరైన్ అవతల గట్టు మీద కూర్చుని జర్మన్‌లో అరకు ప్లాన్ చేస్తాం: కిరండూల్ రైలా కారా, బొర్రా గుహల దగ్గర దిగాలా, బొంగులో చికెన్‌కి డబ్బులు ఎవరు పెట్టాలి. ఇప్పటిదాకా అరకు వెళ్లలేదనుకోండి. తోడుగా మరో స్కాలర్‌షిప్ అభ్యర్థిని పెట్టుకోకండి. ఇద్దరూ కూర్చుంటే జర్మన్ పక్కకి పోయి “నీకేమైనా వచ్చిందా” మొదలవుతుంది.

ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఇంటి చుట్టూ కూడా ఉంటారు. మా ఎదురింటి పిన్నిగారు పాలప్యాకెట్ తీసుకుంటూ “ఏటమ్మా, ఇంకా రాలేదా?” అంటారు. ప్రేమతోనే అడుగుతారు, కానీ రోజూ అడుగుతారు. “తెలీదండి” అంటే మర్నాడు మళ్లీ అడుగుతారు. మీరు అనుకుంటున్న తేదీకి నెల కలిపి, “జూన్ నెలాఖరుకి తెలుస్తుంది పిన్నిగారూ” అని చెప్పండి. జూన్ దాకా ఎవరూ అడగరు. అమ్మకి కూడా అదే తేదీ చెప్పాలి, లేకపోతే అసలు తేదీ ఆవిడ నోటి నుంచే వీధిలోకి వెళ్తుంది.

రిజర్వ్ లిస్టులో ఉంటే అది మర్యాదగా కాదనడం అనుకోకండి. ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ నెలకి 1,400 యూరోలు. ఒక మనిషి ఒక్కటే తీసుకోగలరు. వేరే చోట కూడా వచ్చినవాళ్లు తప్పుకుంటే కింద వరస కదులుతుంది. నాకింకా ఆసక్తి ఉందని ఒకే ఒక్క చిన్న మెయిల్ పెట్టి, వదిలేయండి. వారం వారం రాస్తే వరస కదలదు.

రాకపోతే ఏం చేయాలో కూడా ఇప్పుడే లెక్క వేసుకోండి, ఆ రోజు లెక్క కుదరదు. ఈపోస్‌కి కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం కావాలి, చివరి డిగ్రీ వచ్చి ఆరేళ్లు దాటకూడదు. మీ డిగ్రీ సంవత్సరం చూసుకుంటే ఇంకెన్ని అవకాశాలున్నాయో తెలిసిపోతుంది. సొంత డబ్బుతో వెళ్లాలంటే మన డిగ్రీలు అసలైనవేనని వీసాకి చూపించే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18,000 రూపాయలు, ముందే డబ్బు వేసి అక్కడికెళ్లాక నెలనెలా కొంతే తీసుకోగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకి 992 చూపించాలి. మా ఇంట్లో ఆ లెక్క చూసి నాన్న ఏమీ అనలేదు, బ్యాంకు పాస్‌బుక్ తీసి మళ్లీ బీరువాలో పెట్టేశారు. నేను మాత్రం వచ్చే ఏడాది ఈపోస్ కోర్సుల జాబితా అప్పుడే దించి పెట్టుకున్నాను.

ఆఫీసులో రాజీనామా సంగతి ఆఖరున. డబ్బు మంజూరైనట్టు స్కాలర్‌షిప్ సంస్థ నుంచే ఉత్తరం వచ్చేదాకా రాజీనామా ఇవ్వకండి, యూనివర్సిటీ మెయిల్ చూసి అసలే వద్దు. మీ నోటీస్ పీరియడ్ ఎంతో అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూసి, కోర్సు మొదలయ్యే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, వీసాకి పట్టే కాలం కూడా కలిపి, రాజీనామా ఇవ్వాల్సిన ఆఖరి తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడి ఉంటే రెన్యువల్‌కి ఇప్పుడే పెట్టేయండి. డిగ్రీ, మార్కుల జాబితా, అనుభవ ధ్రువపత్రాలు స్కాన్ చేసి ఒకే ఫోల్డర్‌లో ఉంచండి. ఒప్పుకుంటున్నారా లేదా అని అడిగే మెయిల్‌లో జవాబుకి ఇచ్చే గడువు తక్కువగానే ఉంటుంది.