పొయ్యిని చూసి ఆర్డర్ చేయండి: విశాఖలో ఏషియన్ ఫ్యూజన్ భోజనం

ఏషియన్ ఫ్యూజన్ రెస్టారెంట్‌లో మెనూ కార్డు తెరిస్తే జపాన్ సుషీ (చేపతోనో కూరగాయతోనో వచ్చే పులుపన్నం ముక్కలు), చైనా డిమ్‌సమ్ (లోపల కూర పెట్టి ఆవిరి మీద ఉడికించే చిన్న పిండి ముక్కలు), థాయ్ కూరలు, బర్మా ఖావ్‌స్వే (కొబ్బరిపాల పులుసులో నూడుల్స్), కొరియా కిమ్చీ (ఊరబెట్టిన క్యాబేజీ) అన్నీ వరసగా కనిపిస్తాయి. సిరిపురంలో తిన్నా, బీచ్ రోడ్డులో తిన్నా, రుషికొండ వైపు వెళ్ళినా చాలామంది పేరు నచ్చిన వంటకాలు చెప్పేస్తారు. చిల్లీ చికెన్, డ్రాగన్ రొయ్యలు, షెజ్వాన్ నూడుల్స్ అని మూడు చెబితే మూడింటికీ సోయా, వెల్లుల్లి, మిరప పేస్టు, కార్న్‌ఫ్లోర్ కలిపిన ఒకే రకం ఎర్ర సాసు వచ్చే అవకాశం ఎక్కువ. మూడో ప్లేటు వచ్చేసరికి నోరు మొద్దుబారిపోతుంది.

దీనికి తేలికైన మార్గం ఉంది. ఆ వంటకం ఏ పొయ్యి మీద తయారవుతుందో చూడండి. ఇలాంటి వంటింట్లో పని ముఖ్యంగా నాలుగు చోట్ల నడుస్తుంది: ఆవిరి బుట్ట, పెద్ద మంట మీద వాక్ బాణలి, నూనె మూకుడు, సూపులూ కూరలూ మరిగే గిన్నె. సుషీ ఉన్నచోట దానికి విడిగా ఒక బల్ల. ఒక్కో చోటు నుంచి ఒక్కటి తీసుకుంటే నాలుగు రుచులూ నాలుగు దారుల్లో ఉంటాయి, ఒకే పొయ్యి దగ్గర మీ వంటకాలన్నీ వరసలో నిలబడవు కాబట్టి త్వరగానూ వస్తాయి.

నలుగురు వెళ్తే మొదటి విడతలో రెండు సూపులు చెప్పి వన్ బై టూ చేయించండి, ఒక ఆవిరి వంటకం, ఒక వేపుడు. డిమ్‌సమ్ బుట్టలో ఎన్ని ముక్కలుంటాయో ముందే అడగాలి. నాలుగో ఆరో ఉంటే సరే, మూడే ఉంటే ఒకరికి అందదు. అవి తిన్నాక రెండో విడతలో ఒక కూర, ఒక అన్నం, ఒక నూడుల్స్. ఒక ప్లేటు ఫ్రైడ్ రైస్ సాధారణంగా ఇద్దరికి వస్తుంది. మనకు అన్నం మీద మమకారం ఎక్కువ కాబట్టి రెండు ప్లేట్లు చెప్పేసి, చివరికి ఒకటి మిగిల్చేస్తాం. అన్నం ఒకటితో మొదలుపెట్టండి, కావాలంటే మళ్ళీ చెప్పొచ్చు.

అన్నీ ఒకేసారి చెప్పేస్తే అన్నీ ఒకేసారి బల్ల మీదికొస్తాయి. సూపు తాగేలోపు నూడుల్స్ చల్లారి ముద్దకడతాయి, ఆవిరి మీద ఉడికిన బావో బన్ను గాలికి ఆరి పైపొర గట్టిపడుతుంది, పల్చటి పిండిలో ముంచి వేయించిన తెంపురా మెత్తబడుతుంది. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఆరుబయట బల్ల దగ్గర వేపుడు ఇంకా త్వరగా మెత్తబడుతుంది. ఆరుబయట కూర్చోవాలనుకుంటే ఆవిరి వంటకాలూ సూపులూ ఎక్కువ పెట్టుకోండి. "ముందు ఇవి తెండి, మిగతావి మేం చెప్పాక మొదలుపెట్టండి" అని సర్వర్‌కి స్పష్టంగా చెబితే ఎవరూ కాదనరు.

తినేటప్పుడు చప్పనివి ముందు, కారం చివర. సుషీ, డిమ్‌సమ్ లాంటి వాటి రుచి సన్నగా ఉంటుంది. థాయ్ కూర తిన్న నోటికి అవి ఆనవు.

చేప దగ్గర విశాఖవాళ్ళకు ఒక అదృష్టముంది, ఒక జాగ్రత్తా ఉంది. థాయ్‌లాండ్‌లో నిమ్మరసం, వెల్లుల్లి, పచ్చిమిర్చి వేసి చేపను తలతో సహా ఆవిరి మీద వండుతారు. అక్కడ దానికి ఎక్కువగా వాడే చేప మన పండుగప్పే. మెనూలో సీబాస్ అనో బారముండి అనో ఉంటుంది. చేప మొత్తంగా ఉడకాలి కాబట్టి 20 నిమిషాలైనా పడుతుంది, మొదటి విడతలోనే చెప్పేయండి. వెన్నుముల్లు దగ్గర మాంసం తెల్లగా, ముల్లును తేలిగ్గా వదిలేలా ఉండాలి. అద్దంలా మెరుస్తూ ముల్లుకు అంటుకుని ఉంటే ఇంకా ఉడకలేదు, వెనక్కి పంపండి. చేప ఉడికాక నిమ్మరసం పోస్తేనే పులుపు తాజాగా ఉంటుంది. ముందే పోసి ఆవిరి పడితే చేదెక్కుతుంది.

జాగ్రత్త వేసవిలో. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరబోట్ల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నిషేధం. ఆ రోజుల్లో ఫిషింగ్ హార్బర్‌కు సరుకు బాగా తగ్గిపోతుంది, వంజరం, చందువ కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చినవి కావచ్చు. "ఇవాళ్టి చేప ఏది?" అని అడిగి, జవాబు తడబడితే చెరువు రొయ్యల వైపు వెళ్ళండి. చెరువుల్లో పెంచే వెనామీ రొయ్యలకు ఈ నిషేధంతో పని లేదు. రొయ్య చంద్రవంకలా వంగి ఉంటే సరిగ్గా ఉడికినట్టు. ఉంగరంలా చుట్టుకుపోయి ఉంటే ఎక్కువసేపు మంట మీద ఉంది, రబ్బరులా సాగుతుంది.

సుషీ మొదటిసారైతే పచ్చి చేపతో మొదలుపెట్టకండి. తెంపురా రొయ్య రోలు (అన్నాన్ని సముద్రపు నాచుతో చుట్టి కోసిన ముక్కలు), దోసకాయ రోలు, అవకాడో రోలు తిని చూడండి. పచ్చి చేప తింటే అది ముందు గడ్డకట్టించినదేనా అని అడగాలి. మైనస్ 20 డిగ్రీల దగ్గర ఏడు రోజులు ఉంచితే చేపలోని పురుగులు చస్తాయి. సూక్ష్మజీవులన్నీ మాత్రం చావవు, కాబట్టి గర్భిణులు, చిన్నపిల్లలు, ఒంట్లో బాగోలేనివాళ్ళు పచ్చి చేప మానాలి. సుషీ అన్నం గది వేడిలో, మెత్తగా ఉండాలి. గింజ గట్టిగా, చల్లగా తగిలితే అది ఫ్రిజ్‌లోంచి వచ్చింది. అన్నం ముద్ద మీద చేప పెట్టిన రకాన్ని చేపవైపు సోయాలో అద్దాలి. అన్నంవైపు అద్దితే సోయా అంతా పీల్చుకుని విడిపోతుంది, ఉప్పుకశమైపోతుంది. ఆకుపచ్చ వాసాబీ ముద్ద గోరంత చాలు. దాని ఘాటు నాలుక మీద కంటే ముక్కులోకి ఎక్కుతుంది, కొద్ది క్షణాల్లో పోతుంది. పల్చటి అల్లం ముక్కలు రోలు మీద పెట్టుకోవడానికి కాదు, ఒక రకానికీ ఇంకో రకానికీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి. సుషీని చేత్తో తినొచ్చు, జపాన్‌లోనూ తింటారు.

థాయ్‌వాళ్ళ టామ్ యమ్ సూపులో నిమ్మగడ్డి, దుంపరాష్ట్రం, ఒక రకం నిమ్మ ఆకు తేలుతుంటాయి. పులుసులో కరివేపాకు తీసి పక్కన పెట్టినట్టే వీటినీ పెట్టేయాలి, నమలకూడదు. మజ్జిగలో దబ్బాకు వేసుకునే ఇళ్ళవాళ్ళకు ఆ వాసన కొత్తగా అనిపించదు.

ఖావ్‌స్వే తినే పద్ధతి వేరు, దీని మీద కాస్త శ్రద్ధ పెట్టాలి. ఉత్తరాంధ్ర నుంచి రంగూన్ వెళ్ళి తిరిగొచ్చిన కుటుంబాలు ఎన్నో. కంచరపాలెంలో బర్మా క్యాంపు పేరు ఇప్పటికీ ఉంది. అందుకని ఈ ఊళ్ళో ఈ గిన్నెకు మిగతావాటికి లేని చుట్టరికముంది. గిన్నెలో ముందు నూడుల్స్, వాటి మీద కొబ్బరిపాలు, శనగపిండితో చిక్కబడిన వేడి పులుసు. పక్కన చిన్న చిన్న కప్పుల్లో వేయించిన ఉల్లి, వేయించిన వెల్లుల్లి, ఉడికిన గుడ్డు, ఉల్లికాడలు, కొత్తిమీర, ఎండుమిర్చి పలుకులు, నిమ్మచెక్క. అన్నీ ఒకేసారి కుమ్మరించకండి, వేయించిన ఉల్లి నిమిషాల్లో నానిపోతుంది. సగం ఉల్లి ఇప్పుడు, సగం మధ్యలో. మిర్చి చిటికెడు వేసి రుచి చూసి పెంచుకోండి. నిమ్మ ఆఖర్న. పులుసు జారుగా, నీళ్ళగా ఉంటే శనగపిండి తక్కువైంది. పచ్చివాసన వస్తే పిండి సరిగా ఉడకలేదు. రెండిట్లో ఏదైనా చెప్పి మార్పించుకోవచ్చు.

కారం గురించి ఒక మాట. థాయ్ గ్రీన్ కర్రీలో మిర్చి పేస్టులోనే నూరి ఉంటుంది కాబట్టి "కారం తగ్గించండి" అంటే పెద్దగా తగ్గదు. "పేస్టు తగ్గించి కొబ్బరిపాలు పెంచండి" అనాలి. వాక్ వేపుళ్ళలో ఎండుమిరపకాయలు వాసన కోసం, వాటిని ఏరి పక్కన పెట్టండి. సిచువాన్ మిరియం తగిలితే నాలుక తిమ్మిరెక్కుతుంది, అది దాని గుణం, కంగారు పడక్కర్లేదు. నోరు మండినప్పుడు నీళ్ళు ఉపయోగపడవు, మిరప కారం నీటిలో కరగదు. తెల్లన్నం ముద్ద తినండి, లేదా పాలో పెరుగో ఉన్న పానీయం తాగండి.

శాకాహారులు, కార్తీక మాసంలో నీచు మానేసేవాళ్ళు "వెజ్" అన్న మాట దగ్గర ఆగకూడదు. ఫిష్ సాసంటే నెత్తళ్ళు ఉప్పులో ఊరబెట్టి తీసిన రసం. థాయ్ పేస్టుల్లో రొయ్య ముద్ద ఉంటుంది. సోయా ముద్దతో చేసే జపాన్ మీసో సూపు నీళ్ళు సాధారణంగా ఎండుచేప పెచ్చులతో కాస్తారు. కిమ్చీలో ఫిష్ సాసో ఉప్పు రొయ్యలో పడతాయి. ఆయిస్టర్ సాసు సరేసరి. కూరగాయల ముక్కలు మాత్రమే వేసినా వీటిలో ఒకటి కలిసి ఉండొచ్చు. "ఫిష్ సాసు, ఆయిస్టర్ సాసు, రొయ్య పేస్టు ఇందులో ఉన్నాయా? నూడుల్స్‌లో గుడ్డుందా? వేపుడు నూనె వేరేనా?" అని ఈ మూడూ పేరుపేరునా అడగండి. సర్వర్‌కి తెలియకపోతే లోపల కనుక్కుని రమ్మనండి. ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దంటే కూరల జోలికి వెళ్ళొద్దు, పేస్టులు ముందే నూరి ఉంటాయి. దోసకాయ రోలు, ఉడికించిన కూరగాయలు, తెల్లన్నం మిగులుతాయి, అంతే. వేరుశనగ పడనివాళ్ళు పాడ్ థాయ్ నూడుల్స్, సాటే సాసు దగ్గర, గోధుమ పడనివాళ్ళు సోయా సాసు దగ్గర జాగ్రత్త పడాలి. మామూలు సోయా సాసులో గోధుమ ఉంటుంది.

బీపీ ఉన్నవాళ్ళు అజినమోటో గురించి అడుగుతారు గానీ సోయా గురించి అడగరు. ఒక టేబుల్ స్పూను సోయా సాసులో దాదాపు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి చెప్పిన హద్దు 2,000. బల్ల మీది సోయా గిన్నెలో నాలుగు చుక్కలు పోసుకుని అద్దుకుంటే చాలు.

చివర్న తీపికి, మామిడి కాలంలో అయితే మ్యాంగో స్టిక్కీ రైస్ (కొబ్బరిపాలు కలిపిన జిగురన్నం, మామిడి ముక్కలు) చెప్పండి. పండు సువర్ణరేఖా, బంగినపల్లా అని అడగండి. రెండూ బాగుంటాయి, సువర్ణరేఖలో చిరుపులుపు కొబ్బరిపాలతో బాగా కుదురుతుంది. మామిడి కాలం కాకపోతే డబ్బాలో గుజ్జు వేసే అవకాశం ఎక్కువ, మానేయడం మేలు.

బిల్లులో మామూలు రెస్టారెంటుకి జీఎస్టీ 5 శాతం, అంటే రెండు పద్దుల్లో రెండున్నర చొప్పున. గది అద్దె 7,500 రూపాయలు దాటే పెద్ద హోటళ్ళ లోపల 18 శాతం పడుతుంది. సర్వీస్ ఛార్జీ మీరు అడగకుండా కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఆ పద్దు కనిపిస్తే తీసేయమని మర్యాదగా అడగండి. తీయకపోతే 1915కు ఫోన్ చేయొచ్చు.

మిగిలినవి పార్శిల్ కట్టించుకుంటే కూరా అన్నం విడివిడి డబ్బాల్లో పెట్టించండి. రామెన్ (పులుసులో వచ్చే జపాన్ నూడుల్స్), తెంపురా, సుషీ కట్టించుకోవద్దు. ఇల్లు చేరేసరికి రామెన్ నూడుల్స్ ఉబ్బి పులుసు తాగేస్తాయి, పచ్చి చేప ఈ ఎండకు దారిలోనే పాడవుతుంది. వండిన అన్నం బయట రెండు గంటలకు మించి ఉంచకుండా ఫ్రిజ్‌లో పెట్టేయండి, మర్నాడు పొగలు వచ్చేదాకా వేడిచేసుకుని తినండి.